మొదటి పేజీలు తిరగ్గీయాలా? ఎప్పుడు, ఎక్కణ్ణుంచి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ ఫిషింగ్ హార్బర్ చుట్టూ తిరిగే నలభై పేజీల బొమ్మల కథ గీస్తున్నారు. ముప్పై ఒకటో పేజీ దాకా వచ్చారు. వెనక్కి తిరిగి చూసుకుంటే మొదటి ఎనిమిది పేజీలు ఇంకెవరో గీసినట్టు ఉన్నాయి. ఇక్కడే ఆగి వాటిని మళ్ళీ గీయాలా, చూసీ చూడనట్టు ముందుకెళ్ళిపోవాలా అని అడిగారు. మీరు పెట్టిన పేజీలన్నీ నిదానంగా చదివాను. ఇప్పుడు వద్దు. నలభయ్యో పేజీకి ఇంకింగ్, అంటే పెన్సిల్ మీద సిరా గీత, అయ్యేదాకా వెనక్కి వెళ్ళకండి. అయ్యాక మాత్రం తప్పకుండా వెళ్ళండి. ఎనిమిదింటిలో కొన్ని మారిస్తే చాలు. మార్చేవాటిని కూడా పెన్సిల్ దగ్గర మొదలుపెట్టకండి, పేజీ విభజన దగ్గర, అంటే ఏ బొమ్మ ఎక్కడ, ఎంత సైజులో అన్న దగ్గర, మొదలుపెట్టండి.

ముప్పై పేజీలు గీస్తే చెయ్యి తిరుగుతుంది, అది మంచిదే. కానీ మీ చెయ్యి ఇంకా మారుతూనే ఉంది. ఇరవయ్యో పేజీలో ముఖాలకీ ముప్పయ్యో పేజీలో ముఖాలకీ తేడా ఉంది చూడండి. ఇప్పుడు ఆగి మొదటి ఎనిమిదీ గీస్తే అవి బాగా వస్తాయి, అప్పుడు తొమ్మిది నుంచి పదిహేను దాకా వెలవెలబోతాయి. వాటిని సరిచేసే సరికి ముప్పై ఒకటి పాతబడుతుంది. మొదటి అధ్యాయం చుట్టూనే ఇలా తిరిగీ తిరిగీ కథ ముగించని కుర్రాళ్ళని మన వైజాగ్‌లోనే చూశాను. మంచి చెయ్యి ఉన్నవాళ్ళే. వాళ్ళ కథల ముగింపు చదవాలని నాకు ఇప్పటికీ ఉంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. కథ ఆఖరు కాగితం మీదకి వచ్చేదాకా మొదట్లో ఏం ఉండాలో సరిగ్గా తెలియదు. మీ చివరి పేజీ గురించి మీరే రాశారు: పిల్లాడు జెట్టీ అంచున నిలబడి, బోటు మీంచి విసిరిన మోకు గాల్లోనే అందుకుని ఇనుప గుంజకి కట్టేస్తాడని. చాలా మంచి ముగింపు. కానీ మొదటి ఎనిమిది పేజీల్లో మోకు ఊసే లేదు. పాఠకుడు మోకుని మొట్టమొదట నలభయ్యో పేజీలో చూస్తే అది వట్టి తాడు. మొదటి పేజీలో నాన్న విసిరిన మోకు పిల్లాడి చేతుల్లోంచి జారి నీళ్ళలో పడితే, పక్కనున్న ముసలాయన దాన్ని లాగి కట్టేస్తే, చివర్లో ఆ తాడే కథ మొత్తాన్ని మోస్తుంది. ఇప్పుడే కూర్చుని మొదటి పేజీ గీస్తే మీరు ఇదే నిద్ర లేచే సీను కాస్త అందంగా గీస్తారు, అంతే.

తిరగ్గీయడం చేతకానివాళ్ళ పని అనుకోకండి. బెల్జియం బొమ్మల కథల హీరో టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే 1938లో నలుపు తెలుపుల్లో వచ్చిన ‘బ్లాక్ ఐలాండ్’ కథని 1943లో రంగుల్లో, తక్కువ పేజీలకు కుదించి గీశారు. తర్వాత బ్రిటన్‌లో ప్రచురణ సంస్థ మెథ్యూన్ ఆ కథలోని బ్రిటన్ చిత్రణలో 131 పొరపాట్లున్నాయని జాబితా పంపింది. ఎర్జే 1961లో తన సహాయకుడు బాబ్ దె మోర్‌ని అక్కడికి పంపి స్కెచ్‌లు వేయించుకున్నారు. 1966లో మూడో రూపం పుస్తకంగా వచ్చింది. రైళ్ళు, యూనిఫాంలు, ఇళ్ళు అన్నీ సరిపోయాయి. అయినా పాత రూపంలో ఉన్న చురుకు ఇందులో తగ్గిందనేవాళ్ళు చాలామంది ఉన్నారు, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. 1930లో పుస్తకంగా వచ్చిన మొట్టమొదటి టిన్‌టిన్ కథని మాత్రం ఎర్జే ఎన్నడూ తిరగ్గీయలేదు. ఆయన పోయేదాకా అది నలుపు తెలుపుల్లోనే ఉంది. జపాన్‌లో బొమ్మల కథలు గీసిన ఒసాము తెజుకా 1947లో వచ్చిన ‘న్యూ ట్రెజర్ ఐలాండ్’ని తన సమగ్ర రచనల సంపుటాల కోసం మొత్తం మళ్ళీ గీశారు. ఆ కొత్త రూపం 1984లో వచ్చింది. వీళ్ళిద్దరూ కథ పూర్తిచేసి, పాఠకుల చేతికిచ్చి, ఆ తర్వాతే వెనక్కి వెళ్ళారు. మీరు కూడా ఆ వరసే పాటించండి.

ఇంకో ఉదాహరణ మీకు బాగా పనికొస్తుంది. జపాన్ కామిక్ ‘వన్ పంచ్ మ్యాన్’ 2009లో వెబ్‌లో మొదలైనప్పుడు వన్ అనే కలం పేరుతో రాసినాయన గీత చాలా సాదాగా ఉండేది. 2012 నుంచి యూసుకే మురాతా దాన్ని అద్భుతమైన గీతతో మళ్ళీ గీస్తూ వస్తున్నారు. కానీ మురాతా రాకముందే జనం ఆ కథని విరగబడి చదివారు. ఏ ప్యానెల్ (పేజీలో ఒక్కో బొమ్మ గడి) తర్వాత ఏ ప్యానెల్ రావాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఒక్క దెబ్బతో తేల్చెయ్యాలి అన్నది ఆ సాదా గీతలోనే కుదిరింది. మీ మొదటి పేజీల్లో మిమ్మల్ని బాధపెడుతున్నది గీత. నన్ను ఆపింది గీత కాదు, కథ చెప్పే తీరు.

ఏది నిజంగా చెడిందో తేల్చుకోవడానికి నేను చేయించే పని ఒకటుంది. బెలూన్లలో మాటలు తీసేసిన పేజీలు ప్రింట్ తీసి, కథ తెలియని మనిషికి ఇవ్వండి. ఇంట్లో అమ్మగారైనా, పక్కింటి పిల్లలైనా సరే, కామిక్స్ చదివే అలవాటు లేనివాళ్ళయితే మరీ మంచిది. ఏం జరుగుతోందో చెప్పమనండి. మీరు నోరు విప్పకూడదు. వాళ్ళు చెప్పేది మీరు అనుకున్నదానికి దగ్గరగా ఉంటే ఆ పేజీ గీత ఎంత మొరటుగా ఉన్నా పనిచేస్తోందన్నమాట. “ఇతను ఎక్కడున్నాడు?”, “ఈవిడ ఎవరు, ఇందాకటావిడేనా?” అని ఎక్కడ ఆగారో అక్కడ పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకోండి. చుక్కలు పడిన పేజీలే తిరగ్గీయాల్సినవి. మీ ఎనిమిదింటిలో నాకు నాలుగు పేజీల్లో చుక్కలు పడ్డాయి: ఒకటి, మూడు, ఐదు, ఏడు.

మొదటి పేజీ చూద్దాం. ఏడు ప్యానెళ్ళు. అలారం, పిల్లాడు లేవడం, అమ్మ కేకలు, పళ్ళు తోముకోవడం, టీ తాగడం, సైకిల్, చివర్న హార్బర్ గేటు. ఈ ఏడింటిలో మొదటి ఆరూ ఏ ఊళ్ళో ఏ పిల్లాడి కథలోనైనా ఉండొచ్చు. మీ కథ ఏడో ప్యానెల్‌లో మొదలైంది, అది కూడా అగ్గిపెట్టంత సైజులో, పేజీ అడుగున. నేనైతే అక్కణ్ణుంచే ఎత్తుకుంటాను. పేజీలో సగానికి పైగా ఒకే ప్యానెల్: తెల్లవారుజాము, జెట్టీ, వరసగా ఆనుకుని ఉన్న బోట్లు, వేలం పాట దగ్గర గుమిగూడిన మనుషులు, ఐసు ముక్కలు దింపుతున్న కుర్రాళ్ళు, వీటన్నిటి మధ్య చిన్నగా మన పిల్లాడు. వాడొక్కడే సముద్రం వైపు చూస్తున్నాడు, మిగతా అందరూ చేపల వైపు చూస్తున్నారు. దాంతో ఎవరి కథో చెప్పేసినట్టే. కింద మూడు చిన్న ప్యానెళ్ళు: బోటు మీద నాన్న, గాల్లో మోకు, నీళ్ళలో పడ్డ మోకు. టీ, సైకిల్ ఇక అక్కర్లేదు.

మూడో పేజీలో సమస్య వేరు. నాన్న బోటు తిరిగి రాలేదని పిల్లాడికి తెలిసే పెద్ద బొమ్మ అందులో ఉంది. బొమ్మ బాగుంది, ఖాళీగా ఉన్న జెట్టీ చోటు గీయాలన్న ఆలోచన ఇంకా బాగుంది. కానీ పుస్తకంలో మూడో పేజీ కుడివైపు వస్తుంది. పాఠకుడు మొదటి పేజీ తిప్పగానే రెండూ మూడూ పక్కపక్కన ఒకేసారి కనపడతాయి. రెండో పేజీలో ఎదురుచూపు చదవకముందే కంటి కొసతో ఆ ఖాళీ జెట్టీ కనపడిపోతుంది. దిగులు పుట్టాల్సిన చోట ఏమీ పుట్టదు. ఆ బొమ్మని నాలుగో పేజీకి జరపండి. మూడో పేజీ చివరి ప్యానెల్‌లో పిల్లాడి ముఖం మాత్రమే ఉంచండి, వాడు ఏం చూశాడో చూపించకండి. పాఠకుడి వేలు తనంతట తనే పేజీ తిప్పుతుంది. మీరు ఫోన్‌లో ఒక్కో పేజీగా పెడుతున్నారు కాబట్టి ఇది ఇన్నాళ్ళూ మీ కంటపడలేదు. పుస్తకం వేయాలనుకుంటున్నారని రాశారు గనక ఇప్పట్నుంచే నలభై పేజీల పుస్తకం డమ్మీ ఒకటి మడత పెట్టుకోండి. మామూలు తెల్లకాగితాలు మడిచి పిన్ను కొట్టి, ప్రతి పేజీలో ఏముందో ఒక మాట రాసుకుంటే చాలు. ఏది ఎడమ, ఏది కుడి అన్నది చేతిలోనే తెలిసిపోతుంది.

ఇక ఐదో పేజీ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊరి కథలు గీసేవాళ్ళలో చాలామంది దగ్గర ఇదే చూస్తున్నాను. సాయంత్రం, ఆర్కే బీచ్, పిల్లాడు ఇసకలో కూర్చుని ఉన్నాడు, ఎదురుగా సముద్రంలోకి ఎర్రటి సూర్యుడు దిగిపోతున్నాడు. విశాఖలో అది జరగదు. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల్లోకి దిగుతాడు. సినిమాల్లో, ఫోటోల్లో పడమటి తీరపు సూర్యాస్తమయాలు చూసీ చూసీ చెయ్యి అలా పోతుంది. సాయంత్రం బీచ్‌లో నిజంగా ఏం జరుగుతుందో ఒకరోజు వెళ్ళి చూడండి. వెలుగు వీపు వెనక నుంచి వస్తుంది. బీచ్ రోడ్డు మీది భవనాల నీడలు ముందు ఇసక మీద పడతాయి, మెల్లగా నీళ్ళ వైపు జరుగుతాయి. ఇసక మసకబారాక కూడా దూరంగా నీళ్ళ మీద, నిలిచి ఉన్న ఓడల మీద కాసేపు వెలుగు ఉంటుంది. మీ కథకి ఇంతకంటే ఏం కావాలి? పిల్లాడు నాన్న కోసం సముద్రం వైపు చూస్తుంటే, వాడి నీడ వాడి కంటే ముందు సముద్రం వైపు సాగుతుంది. ఒక్క మాట లేకుండా ఆ పేజీ మాట్లాడుతుంది. తప్పు సరిదిద్దుకుంటే బొమ్మ కూడా బాగుపడుతుందని నేను అంత గట్టిగా చెప్పేది ఇందుకే.

అదే పేజీలో డాల్ఫిన్స్ నోస్ కొండని ఎడమ పక్కన గీశారు. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే డాల్ఫిన్స్ నోస్ కుడివైపు ఉంటుంది, కైలాసగిరి ఎడమవైపు. బహుశా ఫోటో అద్దంలోలాగా తిరగబడి ఉంటుంది. వైజాగ్ వాళ్ళెవరైనా ఇది ఒక్క చూపులో పట్టేస్తారు, ఆ తర్వాత మీరు ఎంత బాగా గీసినా ఒక కన్ను అనుమానంగానే చూస్తుంది.

ఏడో పేజీలో నాన్న చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్‌కి 1998 అని వేశారు, వెనకాల ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంది. కుర్సురా 2001 దాకా నేవీ సేవలోనే ఉంది. 2002లో ఒడ్డుకి చేర్చి మ్యూజియం చేశారు. దాని దగ్గర్లో మ్యూజియంగా పెట్టిన నేవీ విమానం టీయూ-142 అయితే 2017లో వచ్చింది. ఫ్లాష్‌బ్యాక్‌లో ఆ ఒడ్డుని ఖాళీగా వదిలేసి, ఇప్పటి కథలో అదే కోణంలో కుర్సురాని పెట్టి చూడండి. ‘ఇరవై ఏళ్ళ తర్వాత’ అని క్యాప్షన్ రాసే పని తప్పుతుంది.

ఇంకొకటి, రెండో పేజీలో గోడ మీద క్యాలెండర్ మే నెల చూపిస్తోంది, నాన్న మరబోటులో వేటకి బయల్దేరుతున్నాడు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆపుతారు. మీ కథ చదివే హార్బర్ పిల్లలకి ఇది కొత్త సంగతి కాదు, ఆ రెండు నెలలు ఇంట్లో డబ్బు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. క్యాలెండర్‌ని జూన్‌కి తిప్పెయ్యండి. అప్పుడు నాన్న వెళ్ళేది నిషేధం ఎత్తేశాక మొదటి వేటకి అవుతుంది. రెండు నెలల అప్పులు, బోటు మరమ్మతులు, ఇంట్లో అందరి ఆశలు ఆ ఒక్క ప్రయాణం మీదే ఉంటాయి. అలాంటి బోటు తిరిగి రాలేదంటే పాఠకుడి గుండె జారుతుంది. మీరు కథలో ఒక్క మాట మార్చలేదు, క్యాలెండర్‌లో ఒక కాగితం చింపారు, అంతే.

గీత మొరటుగా ఉందన్న మీ బాధకి కూడా ఒక కారణం దొరికింది. మొదటి ఎనిమిది పేజీలూ ఏ4 కాగితం మీద గీశాననీ, తొమ్మిది నుంచి ఏ3కి మారాననీ రాశారు. రెండింటికీ అదే పెన్ను. ఏ3 పేజీని ఏ4కి కుదించి అచ్చేస్తే 71 శాతానికి వస్తుంది, 0.5 మిల్లీమీటర్ల గీత 0.35కి సన్నబడుతుంది, చేతి వణుకు కూడా అంతే కుదించుకుపోతుంది. ఏ4 పేజీలో గీత, వణుకు రెండూ ఉన్నవి ఉన్నట్టు పడతాయి. అంటే మీ పాత పేజీలు కొత్తవాటి పక్కన మొద్దుగా కనపడటంలో మీ చేతకానితనం వాటా మీరు అనుకున్నంత లేదు. తిరగ్గీసేవి ఏ3 మీద గీయండి. ఉంచేసే పేజీల్లో గీత మరీ లావుగా అనిపిస్తే ముఖాల చుట్టూ ఉన్న గీతల్ని తెల్ల పోస్టర్ కలర్‌తో ఒక అంచున సన్నం చేయొచ్చు, లేదా స్కాన్ చేశాక కంప్యూటర్‌లో చేయొచ్చు. స్కాన్ మాత్రం అన్ని పేజీలకీ ఒకేలా, 600 డీపీఐకి (అంగుళానికి 600 చుక్కలకి) తగ్గకుండా.

కాగితం గురించి ఒక మాట. మన ఊళ్ళో గాలిలో తడి ఎక్కువ, వానాకాలంలో మరీనూ. డ్రాయింగ్ షీట్లు బయట పెడితే తేమ పీల్చుకుంటాయి, సిరా గీత అంచుల్లో పాకి బొచ్చు లేచినట్టు అవుతుంది. మీ ఆరో పేజీలో జుట్టు దగ్గర అదే జరిగింది. షీట్లని పాలిథిన్ కవర్లో, సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి. గీసే ముందు మూలన ఒక చిన్న గీత గీసి చూసుకోండి.

తిరగ్గీసేటప్పుడు లైట్ బాక్స్ (కింద నుంచి వెలుగు వచ్చే గాజు పలక) మీద పాత పేజీ పెట్టి దాని మీద గీయకండి. పాత తప్పే శుభ్రమైన గీతలో మళ్ళీ వస్తుంది. పాత పేజీని అసలు గదిలో లేకుండా పెట్టండి. అగ్గిపెట్టె సైజు థంబ్‌నెయిళ్ళు, అంటే చిన్న చిత్తు పేజీలు, పేజీకి మూడు నాలుగు రకాలుగా, జ్ఞాపకం మీద గీయండి. గుర్తున్నవి అవసరమైనవి, గుర్తు రానివి చాలావరకు అక్కర్లేనివి. ఒక విభజన కుదిరాక దాన్ని పెద్దది చేసి, అప్పుడు కావాలంటే లైట్ బాక్స్ వాడి మంచి కాగితం మీదకి ఎత్తుకోండి.

పాత్రల ముఖాలు ఒకటో పేజీలో ఒకలా, ముప్పయ్యో పేజీలో ఒకలా ఉన్నాయని దిగులు పడుతున్నారు. మోడల్ షీట్, అంటే ఒక్కో పాత్ర అన్ని కోణాల్లో ఎలా ఉంటుందో చూపే కాగితం, తయారు చేయండి, కానీ మొదటి పేజీల నుంచి కాదు, ఇరవై అయిదు దాటాక మీ చెయ్యి తనంతట తను కుదుర్చుకున్న ముఖాల నుంచి. ఎదురుగా, పక్క నుంచి, వెనక నుంచి, కూర్చుని, పరిగెడుతూ. తర్వాత వాటి మీద పూర్తిగా నల్లరంగు పూసి చూడండి. ‘చందమామ’లో శంకర్‌గారు గీసిన విక్రమార్కుణ్ణి తలచుకోండి. భుజం మీద శవం, చేతిలో కత్తి. మొత్తం నల్లగా పూసేసినా తెలుగువాళ్ళెవరైనా గుర్తుపడతారు. మీ నాన్న పాత్రకి తలకి చుట్టిన తువ్వాలు, కాస్త వంగిన ఎడమ భుజం ఉన్నాయి, నల్లగా పూసినా తెలుస్తాడు. పిల్లాడూ వాడి స్నేహితుడూ మాత్రం ఒక్కలాగే ఉన్నారు. పిల్లాడికి సైజు పెద్దదైన నాన్న చొక్కా తొడగండి. మోచేతుల కిందికి వేలాడే చొక్కా చేతులు చాలు. ఉంచేసే పేజీల్లో కూడా చొక్కా మార్చడం పెద్ద పని కాదు.

అక్షరాల సంగతి చాలా ముఖ్యం, తెలుగులో కామిక్స్ గీసేవాళ్ళు దీన్ని ఆఖరికి వదిలేస్తారు. ఇంగ్లీషు కామిక్స్ పాఠాలు చూసి బెలూన్లు గీస్తాం. వాళ్ళు అన్నీ క్యాపిటల్ అక్షరాలే రాస్తారు, వాటికి పైనా కిందా ఏమీ వేలాడదు, అందుకే లైన్లు దగ్గర దగ్గరగా పేర్చినా సరిపోతుంది. మనకి పైన గుడులు, కింద ఒత్తులు. మీ రెండో పేజీలో పై లైనులోని ‘ష్ట్ర’ కింది లైనులోని ‘కీ’ మీద ఎక్కి కూర్చుంది. లైన్ల మధ్య దూరం అక్షరం ఎత్తుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉంచండి. మన మాటలు పొడవైనవి కూడా. ‘చూసుకోవాల్సొచ్చింది’ అన్న మాటని ఎక్కడ విరిచినా బాగుండదు. అందుకని బెలూన్ నిలువుగా, సన్నగా గీస్తే ఇబ్బందే, అడ్డంగా వెడల్పుగా గీయండి. అందుకు చోటు థంబ్‌నెయిల్‌లోనే వదలాలి. మాటలు ముందు రాసి, చుట్టూ బెలూన్ గీయాలి. మీ మొదటి పేజీల్లో బొమ్మ అయ్యాక మిగిలిన మూలలో బెలూన్ ఇరికించారు, అందుకే ఒక ప్యానెల్‌లో జవాబు ప్రశ్న కంటే ఎడమవైపు పడి ముందే చదివేస్తాం.

చేతిరాత బాగుంటే చేత్తోనే రాయండి. బాపుగారి చేతిరాత ఫాంటుగా మారి ఎన్ని శుభలేఖల మీద, ఎన్ని పుస్తకాల మీద తిరుగుతోందో చూస్తూనే ఉన్నాం. గీసిన చెయ్యే రాస్తే బొమ్మా మాటా ఒకే ఇంటివిగా కనపడతాయి. ఫాంటే కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మల్లన్న, మండలి ఉచితంగా దొరుకుతాయి. శబ్దాలకి రామభద్ర లాంటి లావు అక్షరం బాగుంటుంది. ఫోటోషాప్‌లో ఒత్తులు విడిపోయి పక్కకి పడుతున్నాయని రాశారు. టైప్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోండి, సర్దుకుంటుంది. శబ్దాల దగ్గర ‘థడ్’, ‘స్ప్లాష్’ తీసెయ్యండి. డీజిల్ ఇంజను ‘డుగ్ డుగ్ డుగ్’ అంటుంది, మోకు నీళ్ళలో ‘దభేల్’మని పడుతుంది. మన భాషకి శబ్దాల కొరత ఏనాడూ లేదు.

మాటల్లో ఇంకొక అతుకు కనిపిస్తోంది. రెండో పేజీలో నాన్న “నేను వెళ్ళివస్తాను, జాగ్రత్తగా ఉండు” అంటాడు. ఇరవయ్యో పేజీ దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి “నానెల్లొస్తాన్రా గుంటడా, ఏటా సూపు?” అంటున్నాడు. రెండోదే నిజమైన నాన్న. హార్బర్ మాట మీ చెవికి పట్టింది, మొదట్లో ధైర్యం చాల్లేదు. బొమ్మ మార్చని పేజీల్లో కూడా మాటలు మార్చండి, అన్నిటికంటే తక్కువ శ్రమ, అన్నిటికంటే ఎక్కువ ఫలితం.

ఇప్పుడు ముట్టుకోకూడనివి. ఆరో పేజీలో నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఎండుచేపలు తిరగేస్తున్న ప్యానెల్ ఉంది. ఆమె చెయ్యి లెక్క ప్రకారం పొడుగెక్కువ, వెనక తలుపు వంకరగా ఉంది. దాన్ని అలాగే వదిలెయ్యండి. ఆ మెడ వంపులో, చూడకుండానే పని చేసుకుపోయే ఆ వేళ్ళలో ఉన్న ప్రాణం మీ ముప్పయ్యో పేజీలో కూడా లేదు. ఆమెని మీరు నిజంగా చూసి గీశారని తెలుస్తోంది. తప్పులన్నీ సరిచేసి మళ్ళీ గీస్తే చెయ్యి సరైన పొడవులో వస్తుంది, నాయనమ్మ పోతుంది. ఎనిమిదో పేజీలో వాన కూడా అంతే. ఆ పేజీల్లో అక్షరాలు, చొక్కా, ఒకటి రెండు నల్లటి భాగాలు సర్ది వదిలేస్తే సరిపోతుంది.

పాత పేజీలు ఇప్పటికే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను, తీసెయ్యాలా అని చివర్లో అడిగారు. తీసెయ్యకండి. వాటి కింద హార్బర్ పిల్లలు రాసిన కామెంట్లున్నాయి, అవి మళ్ళీ రావు. కొత్తవి పుస్తకంలో వెయ్యండి, వెబ్‌లో వాటిని విడిగా పెట్టి పాతవాటి కింద లింకు ఇవ్వండి. పాత ఒరిజినళ్ళు చింపకుండా, వెనక తేదీ వేసి కవర్లో పెట్టండి.

నలభయ్యో పేజీ అయ్యాక తిరగ్గీసే పేజీల థంబ్‌నెయిళ్ళు ఫోన్‌తో ఫోటో తీసి ఇక్కడే పెట్టండి, నేను చూస్తాను. పెన్సిల్ వెయ్యకముందే పెట్టండి, మార్చాల్సింది ఏదైనా ఉంటే అప్పుడైతే అరగంట పని.